పెదవుల పువ్వు మొక్క నిజమేనా, గింజలు కొంటే మన దగ్గర మొలుస్తుందా?

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. ఎర్ర లిప్‌స్టిక్ వేసుకున్న పెదవుల్లా ఉండే పువ్వు ఫొటో వాట్సాప్‌లో చూశారు, నిజమో ఎడిటింగో తెలీలేదు, అయినా మనసాగక ఆన్‌లైన్‌లో 20 గింజలు 299 రూపాయలకి తెప్పించి హైదరాబాద్‌లో మేడ మీద కుండీలో వేశారు, 40 రోజులైనా ఒక్కటీ మొలవలేదు. ఈలోపు దగ్గర్లో నర్సరీ అతను హాట్ లిప్స్ మొక్క నా దగ్గర ఉంది, 450 అన్నాడు. కొనమంటారా, గింజల కోసం ఇంకా ఆగాలా అని మీ ప్రశ్న.

ఆ గింజల మీద ఆశ వదిలేయండి. నర్సరీ మొక్క నేను చెప్పేలా చూశాకే కొనండి, మీరు అనుకున్న మొక్క అయ్యే అవకాశం చాలా తక్కువ. ఫొటో మాత్రం నిజమే. ఎందుకో కొంచెం వివరంగానే రాస్తా, ఎందుకంటే ఈ మొక్క పేరు చెప్పి జనాన్ని మోసం చేస్తుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

నేను పాడేరు వైపు కాఫీ నర్సరీల్లో ఇరవై ఏళ్ళ పైనుంచి పనిచేస్తున్నా. కాఫీకీ పెదవుల పువ్వుకీ ఏం సంబంధం అనుకోకండి, రెండూ ఒకే కుటుంబం, రూబియేసి. మన నూరువరహాలు కూడా అదే. కాఫీ పని మీదే ఒకసారి కొలంబియా వెళ్ళాను, ఆంటియోకియా అని అక్కడ కాఫీ బాగా పండే ప్రాంతం. ఆదివారం సెలవు రోజు తోటలో పనిచేసే ఒకాయన మమ్మల్ని కొండ దిగి పడమటి వైపు తడి అడవిలోకి తీసుకెళ్ళాడు. అడవి అంటే మన శేషాచలం లాంటిది ఊహించుకోకండి, అక్కడ పొద్దున పదింటికి కూడా సాయంత్రం ఆరైనట్టు మసక, చెట్ల కాండాలకి నాచు, పైనుంచి ఎప్పుడూ టపటపా చుక్కలు పడుతూనే ఉంటాయి, అది వానో ఆకుల మీద నిలిచిన నీళ్ళో తెలీదు. ఆ మసకలో నా ఛాతీ ఎత్తున ఒక పొద, ఆకులన్నీ పచ్చగా మామూలుగా ఉన్నాయి, కొమ్మ చివర మాత్రం ఎర్రగా రెండు పెదవులు.

దగ్గరికెళ్ళి వేలితో ముట్టుకున్నా. పువ్వు రేకులా పల్చగా ఉండదండీ, మందంగా, నున్నగా, మైనం పూసినట్టు ఉంటుంది. రెండు ఎర్ర ముక్కలు ఎదురెదురుగా ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాయి, వాటి మధ్య సందులో చూస్తే లోపల తెల్లటి చిన్న చిన్న మొగ్గలు గుత్తిగా కూర్చుని ఉన్నాయి. పక్క కొమ్మ మీదే ఇంకొకటి ఉంది, అది నాలుగు రోజులు ముందు వచ్చినట్టుంది, దాని ఎర్ర ముక్కలు వెనక్కి విచ్చుకుపోయాయి, మధ్యలోంచి తెల్ల పూలు నక్షత్రాల్లా బయటికొచ్చాయి. అది చూస్తే పెదవులు అని ఎవరూ అనరు. మీరు ఫొటోలో చూసిన రూపం ఆ మొక్క జీవితంలో కొద్ది రోజులే, మొగ్గలు లోపల దాక్కుని ఉన్నంతవరకే. ఫొటోలు తీసేవాళ్ళందరూ ఆ దశ కోసమే కాచుకుని తీస్తారు, అందుకే ఏడాది పొడుగునా అలాగే ఉంటుందనుకుంటాం.

ఆ ఎర్రది పువ్వు కాదు. ఇంటర్ బైపీసీ చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పుష్పపుచ్ఛం అంటారు, అంటే పువ్వు కింద ఉండే ఆకు అలా రంగు మార్చుకుని పువ్వు వేషం వేసింది. మన కాగితం పువ్వు చూడండి, గులాబీ రంగులో రెపరెపలాడేవి మూడూ పుచ్ఛాలే, అసలు పువ్వు మధ్యలో తెల్లగా సన్నని గొట్టంలా ఉంటుంది, చాలామంది దాన్ని గమనించరు కూడా. కాగితం పువ్వు కూడా దక్షిణ అమెరికాదే, 1767లో కామెర్సన్ అనే ఫ్రెంచ్ వృక్షశాస్త్రజ్ఞుడు బూగన్‌విల్ ఓడ మీద వెళ్తూ బ్రెజిల్‌లో రియో దగ్గర సేకరించి ఆ ఓడ నాయకుడి పేరు పెట్టాడు. ఇప్పుడు మన హైవేల మధ్య డివైడర్లన్నీ అదే.

ఆకులు అలా ఎర్రబడటం ఎవరికోసం అంటే హమ్మింగ్‌బర్డ్ కోసం. మన తేనెపిట్ట లాంటిదే కానీ తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగుతుంది, ఇది గాల్లోనే ఒకచోట నిలబడి రెక్కలు ఆడిస్తూ తాగుతుంది, ఆ పిట్టలు రెండు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. ఆ మసక అడవిలో చిన్న తెల్ల పువ్వు దూరానికి కనపడదు కదా, ఎర్ర పుచ్ఛాలైతే కనపడతాయి. సీతాకోకచిలుకలు కూడా వస్తాయి.

ఇంకో ముఖ్యమైన విషయం, పెదవుల మొక్క అని ఇంటర్నెట్‌లో తిరిగేవి నిజానికి రెండు జాతులు, ఫొటోలు కలిపేస్తారు. ఒకటి పాలికౌరియా ఎలాటా, నేను చూసింది అదే, నిగనిగలాడే ఆకులు, తెల్ల పూలు, కొలంబియా, ఈక్వెడార్ నుంచి పైకి పనామా, కోస్టారికా వరకు తడి అడవుల్లో ఉంటుంది. రెండోది పాలికౌరియా టొమెంటోసా, దీనికి కాడకీ ఆకుకీ నూగు ఉంటుంది, పుచ్ఛాలు ఎర్రవే కానీ లోపలి పూలు పసుపు, తర్వాత కాసే పళ్ళు మెరిసే నీలం రంగు. ఇది అమెజాన్ పల్లపు అడవుల్లో కూడా బాగా ఉంటుంది. దీన్ని మొదట వర్ణించింది ఓబ్లే అనే ఫ్రెంచ్ మందుల తయారీదారు, 1762లో ఫ్రెంచ్ గయానా వెళ్ళి రెండేళ్ళు అడవుల్లో తిరిగి 1775లో నాలుగు సంపుటాల పుస్తకం వేశాడు. చాలా మొక్కలకి అక్కడి ఆదివాసులు పిలిచే పేర్లనుంచే పేర్లు పెట్టాడు, నాకు ఆయనంటే గౌరవం అందుకే. ఈ రెండూ మొన్నమొన్నటిదాకా సైకోట్రియా అనే ప్రజాతిలో ఉండేవి, అది పదిహేను వందలకి పైగా జాతులున్న మహా పెద్ద గుంపు, తర్వాత వీటిని పాలికౌరియాలోకి మార్చారు. గింజలమ్మేవాళ్ళు ఇంకా పాత పేరే వాడతారు, సైకోట్రియా ఎలాటా, సైకోట్రియా పొపిజియానా అని. పాత పేరు రాసినంత మాత్రాన మోసమని కాదు, పేరు పాతది అంతే.

ఇక మీ నర్సరీ మొక్క. హాట్ లిప్స్ అనే పేరుతోనే ఇంకో మొక్క ఉంది, అది సాల్వియా, మెక్సికో వైపుది, తులసి కుటుంబం. చిన్న పువ్వు, పైన తెలుపు కింద ఎరుపు. అందంగానే ఉంటుంది కానీ మీరు చూసిన పెదవులకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. నర్సరీ అతను కావాలని మోసం చేస్తున్నాడని నేననను, ఆయనకి వచ్చిన లోడులో ఆ పేరు రాసి ఉంటుంది, అదే చెప్తున్నాడు. మీరు తేల్చుకోవడం సులువు. కాడని వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూడండి. నాలుగు పలకలుగా తగిలి, ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తే అది సాల్వియా. మన పెదవుల మొక్క అయితే ఆకులు ఎదురెదురుగా జంటగా ఉంటాయి, ఆ రెండు ఆకుల తొడిమల మధ్య, కణుపు దగ్గర, కాడని అంటిపెట్టుకుని చిన్న ఆకుపచ్చ పొలుసు ఉంటుంది, దాన్ని పత్రపుచ్ఛం అంటారు. కాఫీ కుటుంబం మొత్తానికి అది ఆనవాలు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో నూరువరహాలు ఉంటే ముందు దాని మీద చూసి కన్ను అలవాటు చేసుకోండి, తర్వాత నర్సరీకి వెళ్ళండి. పెదవుల మొక్క ఆకు నలిపితే చెప్పుకోదగ్గ వాసన కూడా ఉండదు.

గింజల సంగతికొస్తా, ఇక్కడే నా అసలు బాధ. కాఫీ గింజతో పోల్చి చెప్తా, అర్థమవుతుంది. మేము నర్సరీకి విత్తనం తయారు చేయాలంటే బాగా పండిన పండు ఏరి, తోలు తీసి, బూడిద కలిపి నీడలో ఆరబెడతాం, ఎండ తగలనివ్వం, డిసెంబర్ జనవరిలో ఆలస్యం చేయకుండా నారుమడిలో వేసేస్తాం. మొలవడానికి ఓ 45 రోజులు పడుతుంది, గింజని నెత్తిన పెట్టుకుని పైకి లేస్తుంది, దాన్ని మేము టోపీ స్టేజ్ అంటాం, ఆ దశలోనే తీసి సంచుల్లోకి మారుస్తాం. అదే విత్తనం కొన్ని నెలలు మూల పడేసి తర్వాత వేస్తే సగం కూడా రాదు, ఇంకా ఆలస్యమైతే అసలు రాదు. వరి, కంది లాగా ఎండబెట్టి గాదెలో దాచుకునే విత్తనం కాదు అది. తడి అడవిలో నేల మీద పడి వెంటనే మొలవడానికి అలవాటు పడ్డ గింజకి ఎండిపోవడం పడదు. పెదవుల మొక్క గింజ కూడా ఆ తడి నీడకి పుట్టిందే, పండులోంచి తాజాగా తీసి వెంటనే వేస్తే మొలుస్తుందేమో కానీ, ప్లాస్టిక్ కవర్లో ఎన్నాళ్ళు ఉందో తెలీని పొడి గింజ మొలవడం చాలా అనుమానమే.

అదీ ఆ గింజ నిజంగా దానిదే అయితే. నాకూ ఒకసారి ఒక స్నేహితుడు ఇలాంటి ప్యాకెట్ తెచ్చిచ్చాడు, రంగురంగుల ఫొటో, లోపల గింజలు చూడగానే తెలిసిపోయింది. కాఫీ కుటుంబంలో ఈ మొక్కల పండులో రెండు గింజలుంటాయి, ఒక్కోటి అరచెక్కలా, ఒకవైపు చదును, ఇంకోవైపు గుండ్రం, బుల్లి కాఫీ గింజ అనుకోండి. ఆ ప్యాకెట్లో ఉన్నవి పల్చగా, బిళ్ళల్లా, లేతపసుపు రంగులో ఉన్నాయి, వంగ విత్తనమో మిరప విత్తనమో. కుండీలో వేసి చూశాం, నెల తిరక్కుండా వంగ మొక్కలు వచ్చాయి. మీ దగ్గర ఇంకా గింజలు మిగిలి ఉంటే ఒకటి తెల్ల కాగితం మీద పెట్టి ఇలా చూడండి, నీలం రంగు పెదవులు, నల్ల పెదవులు అని కూడా ఫొటోలు పెట్టి అమ్ముతున్నారు, అవైతే పూర్తిగా కంప్యూటర్‌లో రంగు మార్చినవే.

కొందరు అంటారు, ఫారిన్‌లో చుట్టాలున్నారు, కొమ్మో గింజలో బ్యాగులో పెట్టుకు తెమ్మంటాం అని. దయచేసి ఆ పని చేయకండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం బయటి దేశం నుంచి మొక్క తెచ్చుకోవాలంటే ఇంపోర్ట్ పర్మిట్ ఉండాలి, ఆ దేశం ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే మొక్కకి తెగులు, పురుగు లేవనే పత్రం, ఉండాలి. 2020లో ఎవరూ అడక్కుండానే పోస్టులో గింజల ప్యాకెట్లు వస్తున్నాయని కేంద్ర వ్యవసాయ శాఖ హెచ్చరిక కూడా ఇచ్చింది, గుర్తుందా. ఇది కాగితాల గొడవ అని తీసిపారేయకండి. కాఫీ కాయ తొలుచు పురుగు మన దేశానికి 1990లో వచ్చింది, మొదట నీలగిరి వైపు గూడలూరులో కనిపించింది, అప్పటినుంచి కర్ణాటక, కేరళ రైతులు దానితో పోరాడుతూనే ఉన్నారు. మన ఏజెన్సీ చాలా ఏళ్ళు తప్పించుకుంది, 2025లో అరకు వైపు కూడా కనిపించింది. నల్లగా ఆవగింజంత ఉండే పురుగు, కాయ చివర సన్నని రంధ్రం చేసి లోపలికి పోతుంది, చేత్తో ఒక్కో కాయ ఏరి పారేయాల్సి వచ్చిన గిరిజన రైతుల ముఖాలు చూస్తే తెలుస్తుంది బయటి పురుగు అంటే ఏంటో. పెదవుల మొక్కదీ కాఫీ కుటుంబమే కాబట్టి దానితో వచ్చే తెగులైనా పురుగైనా కాఫీకి అంటుకునే భయం మిగతా మొక్కల కంటే ఎక్కువ. మేడ మీద ఒక్క కుండీయే కదా అనిపిస్తుంది, కానీ ఇక్కడ కాఫీ మీద బతికే కుటుంబాలు ఉన్నాయండీ.

ఈ బంధువుల్లోనే ఇంకో పొద మీకు తెలియకుండానే మీ ఇంట్లో ఉండే ఉంటుంది. హోమియో మందు ఇపికాక్ వాడారా ఎప్పుడైనా, వాంతులకి ఇస్తారు? ఆ పేరు బ్రెజిల్ అడవుల్లో పెరిగే ఇపికాకువానా అనే పొట్టి మొక్కది, దాని వేరు. దీన్నీ ఒకప్పుడు పెదవుల మొక్కతో పాటు ఒకే ప్రజాతిలో పెట్టేవారు. ఆ వేరులోంచి 1817లో పెల్టియే, మజాందీ అనే ఫ్రెంచ్ శాస్త్రజ్ఞులు ఎమెటిన్ అనే పదార్థం తీశారు, 1912లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ అనే డాక్టర్ దాన్ని అమీబా జిగట విరేచనాలకి ఇంజెక్షన్‌గా వాడాడు, అప్పట్లో ఎంతమంది ప్రాణాలు నిలబెట్టిందో. డార్జిలింగ్ కొండల్లో మంగ్‌పూ దగ్గర సర్కారు వారి సింకోనా తోటల్లో దీన్ని పెంచారు కూడా. అంటే తడి, నీడ, కొండ ఉన్నచోట ఈ జాతి మొక్కలు మన దేశంలో బతికాయి, మొండిగా ఏమీ ఉండవు. ఇది చెప్పాను కదా అని పెదవుల మొక్క ఆకు దొరికితే కషాయం కాచుకోకండి, ఈ గుంపులో రకరకాల ఆల్కలాయిడ్లు, అంటే ఒంటి మీద గట్టిగా పనిచేసే రసాయనాలు, ఉంటాయి, నెట్‌లో రాసినవి నమ్మి తాగితే ప్రమాదం.

ఎప్పటికైనా ఎవరైనా పద్ధతిగా తెచ్చిన మొక్క మీకు దొరికింది అనుకుందాం, హైదరాబాద్‌లో పెరుగుతుందా? మేడ మీద మాత్రం వద్దు. లెక్క చూడండి, హైదరాబాద్‌కి ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన, అదీ చాలావరకు నాలుగు నెలల్లో. కొలంబియా పసిఫిక్ వైపు చోకోలో కిబ్డో అనే ఊరికి 7,000 పైనే, ఏడాది పొడుగునా. మన మే నెల వడగాడ్పు ఒక్క మధ్యాహ్నం తగిలినా ఆకు అంచులు కాగితంలా ఎండిపోతాయి. అన్నింటికంటే పెద్ద శత్రువు బోరు నీళ్ళు, ఉప్పు, సున్నం ఎక్కువ, ఈ కుటుంబం మొక్కలకి పుల్లటి మన్ను కావాలి, నూరువరహాలుకే బోరు నీళ్ళు పోస్తే ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగలడం మీరు చూసే ఉంటారు. ఆర్వో మిషన్ పక్కన వదిలేసే నీళ్ళు పోస్తారు కొందరు, అవి ఇంకా ఘోరం, ఉప్పంతా అందులోనే ఉంటుంది. వాన నీళ్ళు డ్రమ్ములో పట్టుకుని పోయాలి.

తూర్పు వైపు నీడ ఉన్న బాల్కనీ, షేడ్ నెట్ 75 శాతంది, కుండీలో బాగా కుళ్ళిన ఆకు మన్ను సగం, కొబ్బరి పొట్టు, కొంచెం ముతక ఇసుక, మన్ను ఎప్పుడూ తడిగా ఉండాలి కానీ నీళ్ళు నిలవకూడదు, చుట్టూ నాలుగు ఆకుమొక్కలు గుంపుగా పెడితే గాలిలో తేమ నిలుస్తుంది. పిండినల్లి పడుతుందేమో ఆకు అడుగున చూసుకుంటూ ఉండాలి. కడియం, కోనసీమ వైపు కొబ్బరి నీడలో అయితే ఇంత కష్టం ఉండదు, పల్లపు జాతి టొమెంటోసా అక్కడికి సరిపోవచ్చు. ఇంకొక మాట, ఈ మొక్కల్లో పూలు రెండు రకాలు, ఒక మొక్క పూలలో కీలం (పుప్పొడి అందుకునే ఆడ భాగం) పొడుగు, కేసరాలు (పుప్పొడి ఇచ్చే మగ భాగం) పొట్టి, ఇంకో మొక్కలో తిరగేసి. ఒకదాని పుప్పొడి రెండోదానికి అందితేనే కాయ బాగా కడుతుంది, అందుకని ఒక్క మొక్క పెంచి నీలం పళ్ళు రాలేదని బాధపడకండి.

అయితే మీకు కావాల్సింది ఆ ఆకు పువ్వయ్యే వింత అయితే, అది ఇవాళే మీ దగ్గరికి తెచ్చుకోవచ్చు. ఏ నర్సరీలోనైనా లాలీపాప్ ప్లాంట్ అని అమ్ముతారు, పసుపు రంగు కంకి నిటారుగా కొవ్వొత్తిలా ఉంటుంది, అసలు పేరు పాకిస్టాకిస్ లూటియా. పెరూ అడవుల పొద. ఆ పసుపంతా పుచ్ఛాలే, వాటి సందుల్లోంచి తెల్ల పూలు ఒక్కొక్కటే నాలుక చాపినట్టు బయటికొస్తాయి, అచ్చం నేను కొలంబియాలో చూసిన వరసే. కాఫీ కుటుంబం కాదు, మన అడ్డసరం కుటుంబం, అందుకే మన ఎండని కాస్త ఓర్చుకుంటుంది, సగం నీడలో పెడితే నెలల తరబడి పూస్తుంది, వానాకాలంలో కొమ్మ తుంచి గుచ్చినా నాటుకుంటుంది. పొద్దున్నే దాని ముందు కూర్చుంటే తేనెపిట్టలు వచ్చి వాలడం చూస్తారు, మా ఇంటి దగ్గర రోజూ వస్తాయి.

ఆ 450 రూపాయల మొక్క దగ్గరికి మళ్ళీ వెళ్తే డబ్బులు ఇచ్చే ముందు కాడ, కణుపు, ఆకు అడుగు, ఈ మూడూ దగ్గరగా ఫొటోలు తీసి పెట్టండి. పువ్వు ఫొటో అక్కర్లేదు, కణుపు కనిపిస్తే చాలు, ఏ మొక్కో చెప్పేస్తాను.